సీతారావమ్మ కలిపిన రంగు

వీరులపాడు పక్క పల్లెలో అంగన్‌వాడీ టీచరు సీతారావమ్మ. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడకి ఒకటే గర్వం. కథ చదివిందంటే ఏడ్చే పిల్ల కూడా ఏడుపు మాని నోరు తెరుచుకుని వినాల్సిందే. పులి వస్తే పులిలా గాండ్రిస్తుంది, ముసలమ్మ వస్తే ముసలమ్మలా దగ్గుతుంది. చదివేటప్పుడు ఆవిడకి ఒళ్లు తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ ఆగస్టు పద్నాలుగున పిల్లలచేత కాగితం జెండాలు చేయిద్దామని రంగుల డబ్బా తెరిస్తే, రంగులన్నీ ఎండి పెచ్చులు కట్టాయి. నందిగామ వెళ్లి తెచ్చే వ్యవధి లేదు. ఆవిడ ఊరుకునే రకమా? చిక్కుడాకు నూరి ఆకుపచ్చ తీసింది. పసుపు నీళ్లలో అత్తగారి తాంబూలం సున్నం కాస్త కలిపితే చక్కటి కాషాయం తేలింది. రోజూ నోట్లో వేసుకునే సున్నమేగా, ఏమవుతుందిలే అనుకుంది. పిల్లలు వేళ్లు ముంచి కాగితాల మీద అద్దుతుంటే, తను జెండా పండగ కథ అందుకుంది. మూడో పేజీలో ఉండగా మహతి కెవ్వుమంది. నాలుగేళ్ల పిల్ల, రంగు వేళ్లతోనే కన్ను నలుపుకుంది.

రెండు చెంబుల నీళ్లు పోసి కడిగినా ఏడుపు ఆగలేదు. తల్లి సంయుక్త పొలం నుంచి పరుగెత్తుకొచ్చింది.

"కంట్లో ఏం పడిందండీ టీచర్ గారూ?"

"పసుపు నీళ్లేనమ్మా" అంది సీతారావమ్మ. సున్నం మాట ఎత్తలేదు. ఉద్యోగం పోతుందని భయం. పిల్ల కన్ను ముందా, ఉద్యోగం ముందా అని ఎవరూ ఆవిడని అడగలేదు మరి.

నందిగామ దాకా ఆటోలో మహతి ఏడుస్తూనే ఉంది. ఈవిడ పక్కన కూర్చుని ఆ పిల్ల పాదాలు నిమురుతూనే ఉంది.

"ఏం పడింది?" అన్నాడు కళ్ల డాక్టరు.

"పసుపండి" అంది సంయుక్త.

ఆయన చుక్కల మందు రాయబోయాడు. సీతారావమ్మ ముందుకొచ్చింది.

"సున్నం కూడా ఉందండి. నేనే కలిపా."

డాక్టరు కలం పక్కన పడేశాడు. అరగంట సేపు కన్ను కడిగి, రెప్ప మడిచి, అడుగున దాక్కున్న తెల్లటి పలుకుని తీసి, కట్టు కట్టాడు.

"ఇది లోపలే ఉండిపోతే చూపు పోయేది. వారం గడిస్తేగానీ ఏమీ చెప్పలేను" అన్నాడు.

సంయుక్త అరవలేదు, తిట్టలేదు. "మరి నాతో పసుపేనన్నారేంటండీ?" అని మాత్రం అడిగింది.

వారం పాటు సీతారావమ్మకి అన్నం సయించలేదు. కట్టు విప్పాక చూపు బాగానే ఉందన్నారు. పిల్లని ఇక పంపరనే అనుకుంది. సంయుక్త పంపింది. దింపి, తను వెళ్లిపోలేదు. అంగన్‌వాడీ గడప మీద కూర్చుంది. ఇప్పటికీ రోజూ కథ అయ్యేదాకా అక్కడే కూర్చుని, ఆ తర్వాతే పొలానికి వెళుతుంది.

సీతారావమ్మ పేజీకోసారి ఆగి పిల్లల చేతులు చూస్తుంది. పులి వచ్చిన చోట కూడా మామూలు గొంతుతోనే చదివేస్తుంది.