నల్లా రోజు గేటు తట్టింది ఎవరు?

నేను దయ్యాలను నమ్మిన మనిషిని కాను. ఎవరైనా అలాంటి సంగతి చెప్పబోతే, "మీరు కళ్లారా చూశారా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

మాది చిలకలగూడలో ఒక ఇరుకు గల్లీ. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నల్లా వస్తుంది. ఫలానా వేళకని లేదు. పల్లంలో ఉన్న మా ఇంటికే ముందు నీళ్లు అందుతాయి. అందుకని మా ఆవిడ సుశీల రాగి చెంబుతో ఒక్కో గేటు మీద టంగుమని కొట్టి గల్లీ అంతా లేపేది. ఆలస్యమైతే ధార సన్నబడిపోతుంది, ఎత్తున ఉన్న ఇళ్లకు బిందెడు నీళ్లు కూడా దొరకవు.

కిందటి వేసవిలో సుశీల పోయింది. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత పొద్దున్నే లేవడానికి నాకు కారణం కనిపించలేదు. మెలకువ వచ్చినా మంచం దిగేవాణ్ణి కాదు. ఏళ్ల తరబడి రోజూ పేజీ నింపిన డైరీలో "నిన్నటిలాగే" అని ఒక్క మాట రాసి మూసేసేవాణ్ణి. నేను లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదనిపించేది.

వానలు మొదలయ్యాక, గల్లీ చివరింటి రజియా ఒక మధ్యాహ్నం సేమ్యా తెచ్చిపెట్టింది.

"అమ్మ పోయినంక సుత మీరు మమ్మల్ని లేపుడు మర్వలే సార్. లేకుంటే మా డ్రమ్ములు ఎండుతుండె."

"నేనెప్పుడు లేపానమ్మా?"

"మజాక్ చేస్తున్నరా! అమ్మ లెక్కనే చెంబుతోని కొడ్తరు గద. నేను బయటికొచ్చేసరికి ఎల్లిపోతరు."

ఎదురింటి యాదగిరిని అడిగాను. అతనూ అదే చెప్పాడు. నేననే అనుకున్నాడు తప్ప మనిషిని చూడలేదు.

ఆ చెంబును నేను కర్మ రోజునే దానం ఇచ్చేశాను. మా గేటుకు రాత్రి తాళం వేస్తాను, తాళంచెవి దిండు కింద ఉంటుంది. నిద్రలో నడిచాననుకుందామన్నా, చాలా తెల్లవారుజాముల్లో నేను మేలుకునే ఉన్నాను. నాకు ఏ చప్పుడూ వినపడలేదు.

తరువాతి నల్లా రోజు చీకటితోనే లేచి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైపులో గాలి బుసకొట్టింది, నీళ్లు వచ్చాయి. గల్లీలోకి ఎవరూ రాలేదు. ఒక్క గేటూ మోగలేదు, ఒక్క ఇంట్లోనూ దీపం వెలగలేదు. చూస్తుండగానే ధార సన్నబడసాగింది.

ఇక కూర్చోలేకపోయాను. చేతికర్రతో గేట్లు కొట్టుకుంటూ చివరిదాకా వెళ్లాను.

రజియా బిందెతో పరుగెత్తుకొచ్చింది. "ఏంది సార్, ఇయ్యాల గింత లేటు చేసిండ్రు!"

"ఎల్లుండి ఆలస్యం కాదులే" అన్నాను.

ఆ రోజు నుంచి నేనే లేపుతున్నాను. అంతకుముందు అన్ని రోజులు లేపింది ఎవరో, నేను కాపు కాసిన రోజునే ఎందుకు మానేశారో ఎంత ఆలోచించినా తేలలేదు. నల్లా రోజున మాత్రం, నీళ్ల చప్పుడు కంటే ముందే లేచి చెప్పులు వేసుకుంటున్నాను.