లంగా ఒకరికి, జాకెట్టు ఒకరికి

మొన్న ప్లేనోలో మన సరుకుల కొట్టుకెళ్తే, మేకమాంసం కౌంటర్ దగ్గర ఘానా అంకుల్ కనిపించారు. చొక్కాకి ‘ఓటేశాను’ అనే గుండ్రటి స్టికర్. అమెరికా పౌరసత్వం వచ్చాక మొదటి ఓటట. ముఖం చూస్తే మాత్రం పన్ను పీకించుకుని వచ్చినట్టుంది.

ఉద్యోగం దొరికేదాకా నేను మావయ్య ఇంట్లో ఉన్నప్పుడు ఆయన మా పక్కింటివారు. అప్పటికి ఇక్కడ ఓటు రాలేదు, అక్కడికెళ్లి వేసే వీలూ లేదు. మావయ్యదీ అదే బతుకు. హెచ్‌వన్‌బీ మీద ఇక్కడుండి, ఆంధ్రా పార్టీల కోసం సొంత తమ్ముడితో మాటలు మానేశాడు. ఇద్దరికీ స్నేహం కుదరడానికి అంతకంటే ఏం కావాలి? “ఓట్లు లేకపోతేనేం, నోళ్లున్నాయిగా,” అనేది అత్త టీ అందిస్తూ.

అంకుల్‌వాళ్ల ఊరు కుమాసి వైపు ఆయన పార్టీ మేకని నిలబెట్టినా గెలుస్తుందట. అలాంటి చోట ఆయన తమ్ముడు అవతలి పార్టీ తరఫున ఎంపీకి నిలబడ్డాడు. వాడి డిపాజిట్ పోవాలని అంకుల్ చర్చిలో ప్రార్థించేవారు. “కరెక్ట్ బ్రదర్! మావాడికీ అలాగే బుద్ధి రావాలి,” అని మావయ్య ఆమెన్ చెప్పేవాడు.

పోలింగ్ రోజు శనివారం. మాకు పగలు, అక్కడ సాయంత్రం. అంకుల్‌వాళ్లమ్మ ఓటేసిన బూత్ నుంచి ఒక బంధువు వీడియో కాల్ చేశాడు. అక్కడ పెట్టె అందరి ముందే తెరుస్తారు. ఒక్కో బ్యాలెట్ పైకెత్తి చూపిస్తుంటే జనమంతా పాటలా లెక్కపెడతారు. ప్రెసిడెంట్ ఓట్లన్నీ అంకుల్ పార్టీవే. ఎంపీ ఓట్ల దగ్గర ఎప్పుడో ఒక కాగితం తమ్ముడి పేర లేచేది. లేచినప్పుడల్లా అంకుల్, “ఆ ఓటేసిన చేయి విరిగిపోనూ!” అనేవారు. మావయ్య వంతపాట.

లెక్కయ్యాక ఫోన్ వాళ్లమ్మ చేతికొచ్చింది. అంకుల్ విజయగర్వంతో ఏదో అడిగారు. ఆవిడ సిరామరక వేలు చూపిస్తూ నింపాదిగా ఏదో చెప్పింది.

“ఏమందండీ?” అంది అత్త.

“లంగా నీ పార్టీకి, జాకెట్టు చిన్నాడికి వేశానంటోంది.” ప్రెసిడెంట్ ఓటు ఒక పార్టీకీ, ఎంపీ ఓటు ఇంకోదానికీ వేస్తే వాళ్లు అలాగే అంటారట. “వాడు ఓడిపోతున్నానని ఏడుస్తున్నాడు, ఫోన్ చెయ్యమంటోంది.”

“అయితే ఇందాకట్నుంచి మీరు విరగ్గొడుతున్నది అమ్మ చెయ్యా?” అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆయన టీ అలాగే వదిలేసి వెళ్లిపోయారు. మావయ్య మాత్రం, “నమ్మకద్రోహం,” అన్నాడు.

కొట్టులో అడిగాను, “తమ్ముడికి ఫోన్ చేశారా అంకుల్?”

“లేదు. మొన్న వేసవిలో అమ్మ పోయింది. చెరో పక్కన నిలబడి పూడ్చాం.”

“మరి ఇక్కడ ఎవరికేశారు?”

ఆయన మాంసం సంచీ అందుకుని, “లంగా ఒకరికి, జాకెట్టు ఒకరికి,” అన్నారు. నవ్వలేదు.

వేలి మీది సిరా కొన్ని వారాలకు పోతుంది. ఆ తగవును చెరపడానికి మాత్రం కాలం కూడా, మావయ్యలాగే, పెద్దగా ప్రయత్నించలేదు.