సరళక్క లక్క గాజులు

చార్మినార్ పక్కన గాజుల బజారులో ఇప్పటికీ ఒకటి రెండు దుకాణాల ముందు బొగ్గుల కుంపటి మీద లక్క కాగుతుంటుంది. మొన్న ఆ వాసన ముక్కుకు తగలగానే మాదన్నపేటలో మా పాత ఇల్లు, ఆషాఢపు ముసురు, బోనాలకు బెల్లమన్నం వండుతూ మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వని నాయనమ్మ, వాకిట్లో బురద తొక్కుతూ మేమాడిన ఆటలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మా ఇంట్లో మొదట కాలేజీకి పోయింది సరళక్క. బీయస్సీలో చేరిన కొత్తలో వాళ్ల కెమిస్ట్రీ మేడమ్ ల్యాబు కోసం చెప్పిన జాగ్రత్తలన్నీ అన్నాల దగ్గర మాకు అప్పజెప్పేది. జడ ముడేసుకోవాలి, ఓణీ కొంగు నడుముకు బిగించాలి, వేడెక్కిన గాజుసీసా చల్లదానిలాగే కనిపిస్తుంది కాబట్టి పట్టుకునే ముందు చెయ్యి దగ్గరపెట్టి సెగ చూడాలి. పిల్లలం అది కూడా ఆట చేసుకుని, ఖాళీ మందుసీసాలకు సెగ చూసి చూసి నవ్వేవాళ్లం.

చేతికి గాజులు ఉండకూడదన్న ఒక్క మాట దగ్గర మాత్రం నాయనమ్మ మొండికేసింది.

“పెండ్లి కావాల్సిన పిల్ల బోడి చేతులతోని పోతదా? గదేం చదువు?”

గాజులు పగిలి గుచ్చుకుంటాయని కదా భయం, పగలని గాజులు వేస్తే సరి అని ఉపాయం కూడా తనే చెప్పి, అక్కను బజారుకు తీసుకుపోయి సబ్బు రుద్దినా ఊడనంత బిగుతుగా రెండు చేతులకూ లక్క గాజులు తొడిగించింది. అక్కకూ అది సబబుగానే తోచింది. మేడమ్ కంట పడకుండా పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకుంది. సెగ తగిలితే లక్క కరుగుతుందని ఆ కుంపట్లు చూస్తూ పెరిగిన మాకెవరికీ తట్టనే లేదు.

ఒకరోజు బర్నర్ మీద గాజు గొట్టం వంచుతుంటే కుడిచేతి గాజు మెత్తబడి మణికట్టుకు అంటుకుంది. మేడమ్ దాన్ని లాగనివ్వకుండా చెయ్యి నల్లా కింద పెట్టించి, తర్వాత దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ గాజుతో పాటు తోలూ వచ్చింది.

మా బాపు కరెంటాఫీసులో లైన్‌మన్. పనిలో చేతులు పోగొట్టుకున్నవాళ్లను చూసిన మనిషి. అక్క కట్టు చూసి ఒక్కటే అన్నాడు.

“చదువు బంద్.”

అక్క గోడకు ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది.  నాయనమ్మే బాపును అడిగింది.

“కరెంటు కంబం ఎక్కేటప్పుడు నువ్వు ఉంగరం తీసిపెడ్తవా లేదా?”

“పెడ్త.”

“మరి దాన్ని తియ్యనియ్యంది నేను. తప్పు నాది. నా తప్పుకు దాని చదువు ఎందుకు ఆపుతవ్?”

 నాయనమ్మ అడకత్తెర తెచ్చి, అక్క ఎడమచేతి లక్క గాజులు తనే కత్తిరించేసింది. చెయ్యి మానాక అక్క మళ్లీ కాలేజీకి పోయింది. అప్పటినుంచి వదులుగా ఉండే మట్టిగాజులే వేసుకుని, పొద్దున్న వాటిని తీసి నాయనమ్మకు ఇచ్చి పోయేది. సాయంత్రం నాయనమ్మ గుమ్మంలోనే నిలబెట్టి మళ్లీ తొడిగేది. తొడగందే లోపలికి రానిచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఇంటి జాగాలో అపార్టుమెంటు ఉంది. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అక్క ల్యాబులో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి రిటైరైంది. ఇప్పుడు బర్నర్లూ లేవు, సీసాలూ లేవు, అయినా అక్క చేతులు బోడిగానే ఉంటాయి. ఇంకా ఎందుకక్కా అని అడిగాను.

“తొడిగేటోళ్లు ఏరే?” అంది.