వెనక సీటు కొలత

మా స్ప్రింగుల మేస్త్రికి సొంత పేరేమిటో నాకు తెలీదు. వీధంతా అలాగే పిలుస్తుంది, ఆయనా అలాగే పలుకుతాడు. మోటారు సైకిలుకు కంపెనీ బిగించిన స్ప్రింగులు తీసి, ఎక్కే మనుషులకు సరిపోయేవి వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదొక్కటే పని. ఇంజను చూడమంటే పక్క షాపు చూపిస్తాడు.

నేను వెళ్ళింది బండి కోసం కాదు, నా నడుము కోసం. ఆరు నెలల కిందట ఆపరేషనైంది. కుట్టుపని నేర్పే కేంద్రంలో టీచర్ని. ఒకటో తారీఖుకు రాకపోతే నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటామని కబురొచ్చింది. పదిహేనేళ్ళ ఉద్యోగం! బస్సులో తోపులాట పడలేను. బండెక్కొచ్చు గానీ కుదుపులు తగలకూడదన్నాడు డాక్టరు. మా ఆయన వెనక కూర్చుంటే ప్రతి గుంటకీ కళ్ళవెంట నీళ్ళే.

మేస్త్రి మమ్మల్నిద్దరినీ బండెక్కించాడు. నా సంచీ, టిఫిను డబ్బా కూడా ఒళ్ళో పెట్టించాడు. తర్వాత టేపు తీసి, బండి వెనక భాగం మా బరువుకు ఎంత దిగిందో కొలిచాడు. అది చూసి మనవాడే అనుకున్నాను. ఒళ్ళు కొలవకుండా చొక్కా కుట్టేవాళ్ళంటే నాకు మహా చిరాకు.

"అన్నిటికన్నా ఖరీదైనవి వెయ్యండి" అన్నాడు మా ఆయన దర్జాగా.

"వాటికి మీ ఖరీదు తెలీదు బావగారూ, మీ బరువే తెలుసు" అన్నాడు మేస్త్రి.

వెనక చక్రానికి కుదుపు తగ్గించే కొత్త స్ప్రింగులు, అదే షాకులు, వేశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో నూనె మార్చాడు, సీటులో మందపాటి స్పాంజి పెట్టాడు. అయినా వీధి చివరికి వెళ్ళేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఒకటో తారీఖు ఇంకా నాలుగు రోజులే. ఏడుపూ కోపమూ కలిసొచ్చి మేస్త్రి మీద విరుచుకుపడ్డాను.

"ఏం స్ప్రింగులండీ ఇవి? నా ఉద్యోగం పోతే మీరిస్తారా?"

మేస్త్రి చేతులు తుడుచుకుని మా ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు. "పదండి బావగారూ. చెల్లెమ్మని ఎలా తీసుకెళ్తారో అలాగే తీసుకెళ్ళండి."

పది నిమిషాల్లో తిరిగొచ్చారు. మేస్త్రి నడుం పట్టుకుని దిగాడు.

"చెల్లెమ్మా, ఈయన గుంట కనబడగానే బ్రేకు పట్టి, గుంటలో పడ్డాక కూడా వదలడం లేదు! ముందు భాగం కుంగుతోంది, వెనకున్నవాళ్ళు ఎగిరిపడుతున్నారు. పాపం, షాకులేం చేస్తాయి?"

మా ఆయన తల దించుకున్నాడు. "నీకు నొప్పెడుతుందేమోనని భయం..."

ఆ భయమే ఇన్నాళ్ళూ నా నడుముకు తగులుతోందన్నమాట! తిట్టాలనిపించింది, జాలీ వేసింది. గుంటకు ముందే బ్రేకు పట్టి, గుంటలో వదిలెయ్యమని మేస్త్రి ఒకరోజంతా నేర్పాడు. మా ఆయన ఒంటరిగా బాగానే నడిపాడు. నేను ఎక్కగానే మళ్ళీ అదే తంతు.

"నీకు బండి వచ్చా అమ్మా?" అన్నాడు మేస్త్రి చివరికి.

"పెళ్ళికి ముందు మా అన్నయ్య బండి నడిపేదాన్ని. తర్వాత ఎవరూ అడగలేదు."

"కుదుపంతా వెనక చక్రం మీద కూర్చున్నవాళ్ళకే. ముందున్నవాళ్ళకి తక్కువ. డాక్టర్నడిగి రా, మళ్ళీ కొలుద్దాం."

డాక్టరు సరేనన్నాడు. ఈసారి ముందు నేను, వెనక మా ఆయన. "నేను వెనకా?" అని గొణిగాడు గానీ మేస్త్రి టేపు ముందు ఎవరి మాటా చెల్లదు. స్ప్రింగుల బిగువు రెండు మెట్లు మార్చాడు. మిగిలిన రెండు రోజులూ వీధి చుట్టూ తిప్పించాడు.

ఒకటో తారీఖు పొద్దున కేంద్రం గేటు ముందు బండి ఆపాను. నడుములో నొప్పి లేదు. ఎక్కడైనా దాక్కుందేమోనని ఒకటికి రెండుసార్లు వెతుక్కున్నాను. లేదు.

మా ఆయన దిగి, నడుం నిమురుకుంటూ తాళం కోసం చెయ్యి చాపాడు.

నేనివ్వలేదు. "మీరు పనికి బస్సులో వెళ్ళండి. సాయంత్రం నేనే వచ్చి ఎక్కించుకుంటా" అన్నాను.