డయోడ్లు తిన్న గాలి

సాదలిలో మా పట్టుపురుగుల షెడ్డులోకి, పురుగులకు రోగం తగులుతుందని, స్నానం చేయని మనిషిని అమ్మ రానివ్వదు. బయటివాళ్లయితే స్నానం చేసొచ్చినా సరే, గడప దాటకూడదు. అందుకే కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీని ఫ్యాన్లకు తగిలించే పనీ ఆమెదే. ఎర్ర వైరేదో నల్ల వైరేదో చూసుకునే ఓపిక ఆమెకు లేదు. ఎటు తగిలించినా ఫ్యాన్లు తిరిగేలా, చింతామణిలో కొన్న నాలుగు డయోడ్లతో ఒక చిన్న పెట్టె చేసిచ్చాను.

ఆ వేసవిలో పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పొర విడిచే ముందు పురుగు పడుకునే నిద్రను మా వైపు జ్వరం అంటారు. ఇంకొన్నాళ్లు ఆకు తింటే గూళ్లు కట్టేస్తాయి. సరిగ్గా అప్పుడే, పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. రేకుల కింద షెడ్డు ఉడికిపోతోంది. బ్యాటరీ దిగిపోయి, ఫ్యాన్లు రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరుగుతున్నాయి. పురుగులు ఆకు ముట్టడం మానేశాయి.

"పోతాండాయప్పా, అన్నీ పోతాండాయి! ఏమన్నా చెయ్యి!" అమ్మ చేటతో విసురుతూ ఏడుస్తోంది. తానూ విసురుతానని పక్కింటామె వస్తే, ఆ ఏడుపులోనూ ఆమెను గడప దగ్గరే ఆపేసింది. నాకు ఒళ్లు మండింది.

ఏం చేయాలో తోచక పెట్టె మూత తీసి డయోడు ముట్టుకున్నాను. వేలు చుర్రుమంది. అప్పుడు తట్టింది. బ్యాటరీని ఎటు తగిలించినా కరెంటు రెండు డయోడ్లు దాటే ఫ్యానుకు చేరాలి. ఒక్కొక్కటి దాదాపు ఒక వోల్టు మింగి వేడిగా కక్కుతుంది. ఉన్నదే పన్నెండు వోల్టులు, అదీ నీరసించిన బ్యాటరీ. గాలి కోసం తెచ్చిన కరెంటులో కొంత దారిలోనే వేడిగా మారి మా షెడ్డులోనే పడుతోంది!

పెట్టెను పక్కకు లాగేసి, ఎరుపుకు ఎరుపు చూసి, వైర్లను నేరుగా ఫ్యాన్లకు చుట్టాను. తిరగేసి పెడితే ఫ్యాన్లు కూడా కాలిపోతాయని ఇంకోసారి సరిచూసుకున్నాను. రెక్కలు వేగం అందుకున్నాయి.

"గాలొచ్చిందమ్మా!"

అమ్మ విసరడం ఆపలేదు. "ఇంతసేపూ యాడికి పోయిండె ఈ గాలి?"

"డయోడ్లు తినేసినాయమ్మా. నువ్వు వైర్లు తిరగేసి పెట్టినా ఫ్యాను కాలకుండా కాపాడేది అవే."

"ఫ్యాన్ను కాపాడి ఏం జేసుకోవాలప్పా?"

చేట కింద పెట్టి, ఒక పురుగును అరచేతిలోకి తీసుకుని నోటితో మెల్లగా ఊదింది. అది తల ఎత్తలేదు. దాన్ని ఆకు మీద పెట్టి, ఇంకోదాన్ని తీసుకుంది.