ఆకు దూయని మల్లె

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. జనవరి చివర్లో ఒక ఉదయం వంటింట్లో కూలబడితే, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. బాబాయిగారు ఫోన్ చేసి "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అన్నప్పుడు నేను స్టవ్ కట్టెయ్యడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. మాకు చుట్టరికం లేదు. ఖతార్‌లోని ఈ అల్ వక్రాలో ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపుల వాళ్ళం, అంతే. అయినా కన్నతల్లి పోయినంతగా ఏడ్చాను. ఇప్పుడు నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆవిడది కడియం దగ్గర ఊరు, నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. నేను బెజవాడ అపార్ట్‌మెంటులో పెరిగాను, కుండీలో తులసి తప్ప మరో మొక్క ఎరగను. ఇక్కడి ఎండకి బాల్కనీలో ఏం పెట్టినా మధ్యాహ్నానికి అప్పడమే. పిన్నిగారు మాత్రం హాల్లో తూర్పు కిటికీ అద్దం పక్కన మల్లె, మరువం, దవనం పెంచేవారు. తలుపు తీయగానే ఏసీ చల్లదనంతో పాటు ఆ వాసన మొహానికి తగిలేది. అచ్చం ఊళ్ళో ఉన్నట్టే ఉండేది.

నేను ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఒక కొమ్మకి వేళ్ళు రప్పించి, మల్లె కుండీ నా చేతిలో పెట్టారు. "మల్లె అభిమానం గలది తల్లీ. ఒక్క ఆకు తుంచావో, అలిగి కూర్చుంటుంది. నీళ్ళు మాత్రం రోజూ పొయ్యి" అన్నారు. నాకది వేదవాక్కు. ఆకుల మీద దుమ్ము తుడవాలన్నా భయం భయంగా తుడిచేదాన్ని.

నా మొక్క గుబురుగా, పచ్చగా పెరిగింది. మొగ్గ మాత్రం వెయ్యదు. ఆవిడ మొక్కేమో ఎండాకాలమంతా విరగబూసేది. సాయంత్రం నేను వెళ్ళేసరికి మొగ్గలు కోసి పళ్ళెంలో ఉంచేవారు. "పూలు చేతికివ్వకూడదే, చున్నీ పట్టు" అని ఒళ్ళో పోసేవారు. ఇద్దరం టీ తాగుతూ మాల కట్టుకునేవాళ్ళం. నాకు మాల కట్టడం నేర్పింది ఆవిడే. నాకు జ్వరమొస్తే చారు పెట్టి తెచ్చిందీ ఆవిడే. ఆ రుణం కాదనను. మరి నాది ఎందుకు పూయదని అడిగితే, "నీ చెయ్యింకా మొక్కకి అలవాటు పడలేదమ్మా" అనేవారు.

ఏటా ఫిబ్రవరిలో ఆవిడ మల్లె పుల్లల్లా మిగిలేది. "ఈ చలికి రాలిపోయాయే" అని దిగాలుగా కూర్చునేవారు. నేను పిచ్చిదాన్లా "బాధపడకండి పిన్నీ, మళ్ళీ చిగురిస్తుంది" అని ఓదార్చి, నా మొక్క ఒక్క ఆకూ రాల్చలేదని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

కార్యక్రమాలన్నీ ఊళ్ళో ముగించుకుని, ఇల్లు ఖాళీ చెయ్యడానికి బాబాయిగారు ఒక్కరే వచ్చారు. మల్లె కుండీ నా గుమ్మం ముందు దించి, "ఆకు దూసే రోజులొచ్చాయమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు.

"ఆకు దూయడమేంటి బాబాయిగారూ?"

"అదేంటి, నీకు తెలీదూ? కొన్నాళ్ళు నీళ్ళు మానేసి, ఆకంతా దూసేసి, మళ్ళీ నీళ్ళు పెడితేనే కదా మొగ్గేసేది! మీ పిన్ని ఏటా చేసేది." నా మొహం చూశాక ఆయన అసలు సంగతి చెప్పారు. "నేనూ ఒకసారి అన్నానమ్మా, ఆ పిల్లకి చెప్పరాదూ అని. చెబితే దాని మల్లె పూస్తుంది, పూస్తే సాయంత్రం మనింటికి ఎందుకొస్తుందండీ అంది."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదూ! అన్నేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు. ఒక్క మాట, "రోజూ రావే, నాకు తోచడం లేదు" అంటే వెళ్ళనా? పూలు లేకపోతే వెళ్ళేదాన్ని కాననుకున్నారా? ఆ కోపంతోనే ఆవిడ మల్లెకీ, నా మల్లెకీ నీళ్ళు మానేసి, ఆపైన చెట్టున ఒక్క ఆకు లేకుండా దూసేశాను. ఏప్రిల్ వచ్చేసరికి రెండూ పోటీపడి పూశాయి.

ఆ వాసనకి పై అంతస్తులో కొత్తగా దిగిన కరీంనగర్ అమ్మాయి వచ్చింది. రోజూ సాయంత్రం వచ్చి, పూలు తీసుకుని, టీ తాగి, కబుర్లు చెప్పేది. పగలంతా ఒక్కదాన్నే ఉండే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకరోజు అడిగింది. "అక్కా, నేను గూడ మల్లె తెచ్చిన. ఎంత జేసినా పూస్తలేదు, ఏం జెయ్యాలె?"

"ఒక్క ఆకు తుంచకు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పిన్నిగారిలా చెయ్యకూడదన్న పంతంతో అంతా విప్పి చెప్పాను.

నెలన్నరకి ఫోన్లో ఫోటో పంపింది. కిటికీ నిండా పూలే. "మస్తు పూసినయక్కా, నీ దయ" అంది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

పిన్నిగారి మీద కోపం పోలేదు. పూలు లేకపోయినా వచ్చేదాన్నని ఆవిడ ఫోటో ముందు రోజూ పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. ఆరవుతుంది. మొగ్గలు కోసి పళ్ళెంలో ఉంచి, రెండు కప్పుల టీ పెట్టి, తలుపు కేసి చూస్తూ కూర్చుంటాను. పళ్ళెంలో మొగ్గలు ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి.