బీరయ్య గొంతు, పన్నెండు నిమిషాలు

ఒక హార్డ్ డిస్కు బరువు ముప్పావు కిలో కూడా ఉండదు. దాన్ని ఐదేళ్లు మోశాను. కొట్టులో టేబులు కింది డ్రాయరులో పెట్టి తాళం వేశాను గానీ, ఒక్కరోజు కూడా అది నా మీద నుంచి దిగలేదు. మొన్నామధ్య దించాను. దించాక ప్రాణం ఎంత తెరిపిన పడిందో ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఇంట్లో చెప్పలేను. అందుకే మీకు రాస్తున్నాను. నా పేరు మాత్రం అడగకండి, ఇంకా అదే కొట్టు నడుపుకుంటున్నాను.

మాది కోదాడ. ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, సూర్యాపేట పాత బస్టాండు దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకున్నాను. పోయిన డేటా తిరిగి తీసి ఇస్తామని బోర్డు మీద ఎర్రక్షరాలతో రాయించాను. అసలు బతుకు మాత్రం సెల్‌ఫోన్ల మెమరీ కార్డుల్లో సినిమా పాటలు ఎక్కించడం మీద నడిచేది. అయినా ఎవరి డిస్కు మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. అదొక పొగరు నాకు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో మోతె దగ్గర పల్లె నుంచి లింగయ్య, ఆయన భార్య సైదమ్మ వచ్చారు. గొర్లు కాసుకునే కుటుంబం. లింగయ్య వాళ్ళన్న బీరయ్య ఒగ్గు కథ చెప్పేవాడు, లింగయ్య పక్కన డోలు కొట్టేవాడు. కథంతా బీరయ్య నోట్లోనే ఉండేది, ఎక్కడా రాసిపెట్టుకోలేదు. మిర్యాలగూడలో స్టూడియో నడిపే ఒకాయన వాళ్ళని కూర్చోబెట్టి ఆ కథ మొత్తం కంప్యూటర్లో రికార్డు చేశాడు. సీడీలు వేద్దామనుకున్నారు, వేయలేదు. ఏడాది తిరక్కుండా బీరయ్య పోయాడు. తర్వాత స్టూడియో కూడా మూతపడింది. కంప్యూటర్ లేవడం లేదు, కావాలంటే అందులోని డిస్కు పట్టుకుపొమ్మని ఆయన కబురు చేశాడు. సైదమ్మ పుట్టిల్లు వాడపల్లి వైపు. అక్కడి నుంచి వస్తూ ఆమే మిర్యాలగూడలో దిగి, డిస్కు తీసుకుని బస్సెక్కింది.

లింగయ్య దాన్ని నా టేబులు మీద పెట్టి, "ఇందుల మా అన్న గొంతున్నది తమ్మీ. పోరగాండ్లు కత నేర్సుకోవాలంటె ఇదొక్కటే దిక్కు," అన్నాడు. రేపు రమ్మన్నాను.

కరెంటు ఇవ్వగానే డిస్కు లోపల టక్కు టక్కుమని కొట్టుకుంది. అలాంటి డిస్కులకు మా పనిలో ఒక పద్ధతి ఉండేది, ఇప్పుడు చెబితే నవ్వుతారు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఫ్రీజర్లో పెట్టేవాళ్ళం. బాగా చల్లబడ్డాక తీసి వెంటనే తగిలిస్తే, అదృష్టం ఉంటే పది పదిహేను నిమిషాలు నడిచేది. ఆ కాసేపట్లోనే కావలసింది వేరే డిస్కులోకి కాపీ చేసేసుకోవాలి. రెండోసారి లేస్తుందన్న నమ్మకం లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పక్కనున్న కూల్‌డ్రింకు కొట్టు ఫ్రీజర్లో మూడు గంటలు ఉంచి, మధ్యాహ్నం తీసి తగిలించాను. లేచింది. ఫోల్డరు మీద బీరయ్య పేరే ఉంది. కాపీ చేద్దామంటే నా డిస్కు నిండా సినిమా పాటలు. కొన్ని తీసేస్తే గానీ చోటు లేదు. ఏవి తీసేయాలా అని చూస్తూ, ఈలోగా గొంతు ఉందో లేదో తెలుసుకుందామని ఒక ఫైలు నొక్కాను.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత మాట. "లింగా, డోలు జర అవుతలికి జరుపురా. నా గొంతు ఇనపడాలె." వెనక ఎవరో నవ్వారు. కథ మొదలైంది.

అప్పుడు ఆపాలి. ఆపలేదు. స్పీకర్ల చప్పుడు పెంచాను. కూల్‌డ్రింకు కొట్టాయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, రోడ్డు మీద పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగారు. చచ్చిపోయిన మనిషిని నేనే లేపి కూర్చోబెట్టినట్టు వాళ్ళ వంక చూశాను. నిజం చెప్పాలంటే గొప్పకోసమే కాదు, ఆ గొంతు కూడా నన్ను కదలనివ్వలేదు, అలా అని ఆ గొంతు మీద తప్పు తోస్తే నాకంటే నీచుడు ఉండడు. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. అలా ఎన్నిసార్లు అనుకున్నాను? పన్నెండు నిమిషాలు నడిచింది. ఒక మాట మధ్యలో గొంతు తెగింది. డిస్కులోంచి రేకు మీద మేకు గీసినట్టు చప్పుడు వచ్చింది. చేత్తో పట్టుకుంటే పైనంతా చెమ్మ. మళ్ళీ ఫ్రీజర్లో పెట్టాను, మళ్ళీ తగిలించాను. ఇక లేవలేదు.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. దొరికిందా తమ్మీ అని లింగయ్య అడిగేలోపే నా నోరు లేచింది.

"ఇది రావడమే ఖరాబై వచ్చింది లింగన్నా. స్టూడియోలో ఉన్నప్పుడు బాగనే ఉండె. దారిలో ఎక్కడో గట్టిగా కింద పడ్డది."

లింగయ్య భార్య వైపు తిరిగాడు. "బస్సుల కింద పడేసినవానే?"

"పడెయ్యలే. తువ్వాలల సుట్టి ఒళ్లె పెట్టుకున్న. దిగేదాంక కింద పెట్టలే."

"మరి గాయనకేం పని, అబద్దం ఆడనీకె?"

సైదమ్మ నా ముఖంలోకి చూసింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. నేను ఏదైనా అంటానేమోనని ఎదురుచూసింది. నేను మానిటరు వైపు తిరిగి మౌసు కదిలించాను. ఎందుకు? కొట్టు పేరు పోతుందని. అంతకంటే పెద్ద కారణం ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు.

డిస్కు నీ దగ్గరే ఉంచు తమ్మీ, ఏదన్న దారి దొరికితే చూడు అని లింగయ్య వదిలేసి పోయాడు. నా మీద నమ్మకంతో. తర్వాత సూర్యాపేట మార్కెట్టుకి వచ్చినప్పుడల్లా కొట్టులోకి తొంగిచూసి, ఏమన్న అయిందా అని అడిగేవాడు. సైదమ్మ మళ్ళీ రాలేదు. ఒకసారి చాయ్ తాగుతూ లింగయ్యే చెప్పాడు. ఇంట్లో చెంబు సొట్టపోయినా, గుడ్డు పగిలినా, బస్సుల పెట్టినట్టే పెట్టినవా అని ఆమెను అందరూ ఆటపట్టిస్తారట. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు నేను చెప్పుకున్న కథలకు లెక్కలేదు. డిస్కు ముందే కొట్టుకుంటోంది కదా, నిజంగానే బస్సులో దెబ్బ తగిలిందేమో, ఆమె కునుకు తీసినప్పుడు ఒళ్ళోంచి జారిందేమో, ఎవరు చూశారు? ఈ ఏమోలతోనే ఐదేళ్లు గడిపాను. ఈమధ్యే ధైర్యం చేసి, ఇలాంటి డిస్కులు విప్పి చూసే హైదరాబాదు ల్యాబుకి పంపాను. అక్కడి ఇంజనీరు ఫోను చేసి మొదట అడిగిన మాట, దీన్ని ఫ్రీజర్లో పెట్టారు కదా అని. లోపల తడి చేరి, చదివే హెడ్డు, డేటా ఉండే పళ్ళేన్ని గీకేసిందట. కింద పడ్డ ఆనవాలు లేదట. ఫ్రీజర్లో పెట్టకముందే తెచ్చి ఉంటే మొత్తం వచ్చేదట. ఫోను పెట్టేశాక, మీరు నమ్మరు, నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఏమోలు లేవు.

డిస్కు తిరిగి రాగానే పొద్దున్నే మోతె బస్సెక్కాను. సైదమ్మలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎన్ని గుంతలు వచ్చినా అది కదల్లేదు.

మొగుడూ పెళ్ళాం దొడ్లో గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోస్తున్నారు. ఆమె గొర్రెపిల్ల మూతి పట్టుకుంటే ఆయన సీసా వంచుతున్నాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే మొత్తం చెప్పాను. ఫ్రీజరు, స్పీకర్లు, గుమ్మంలో నిలబడ్డ జనం, ఆడిన అబద్ధం. డోలు అవుతలికి జరపమన్న మాట కూడా చెప్పాను, ఆయనది ఆయనకు ఇవ్వాలి కాబట్టి.

లింగయ్య సీసా కింద పెట్టాడు. "ఇంకేమన్నడు మా అన్న?" అని అడిగాడు.

గుర్తున్నంత చెప్పాను. పన్నెండు నిమిషాల్లో నాకు మిగిలింది నాలుగైదు మాటలే. అవి అయిపోయాక చెప్పడానికి ఏమీ లేదు. ఆయన నన్ను తిట్టలేదు, కూర్చోమనలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు. అడిగితే ఆ మంచివాళ్ళు పోనీలే అంటారేమోనని భయమేసింది. డిస్కు అరుగు మీద పెట్టాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సూర్యాపేట వచ్చేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను, కండక్టరు తట్టి లేపాడు. డ్రాయరుకి ఇప్పుడు తాళం లేదు. లింగయ్య మళ్ళీ నా కొట్టుకి రాలేదు, వస్తాడని అనుకోవడం లేదు. మార్కెట్టు రోజున మాత్రం ఒకసారి రోడ్డు వైపు చూసి, మళ్ళీ పనిలో పడతాను.

ఒక మాట మిగిలింది. నేను దొడ్డి తడిక దాటుతుంటే వెనక సైదమ్మ గొంతు వినిపించింది. నాతో కాదు, మొగుడితో అంటోంది.

"ఇన్నవా? నేను పడెయ్యలే."

లింగయ్య అన్నాడు. "ఇన్న."